రత్తమ్మగారి నెయ్యి

పెనుగంచిప్రోలులో ఇప్పటికీ రత్తమ్మగారి పేరెత్తితే, "ఎవరూ, నెయ్యి పోసి మనిషిని చంపిందే, ఆ రత్తమ్మేనా?" అంటారు. అలా అనేవాళ్ళలో సగంమంది చిన్నప్పుడు ఆవిడ చేత ముక్కులో నెయ్యి పోయించుకుని లేచి తిరిగినవాళ్ళే. మా జనం సంగతి అంతే, ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య. నేను వాళ్ళకంటే గొప్పవాణ్ణేం కాదు, ఆ మాటా చెబుతాను. చచ్చిపోయినవాడు మా చెల్లెలి మొగుడు ఇశ్రాయేలు. రత్తమ్మగారు ఆ చావుని నెత్తిన వేసుకుని ఆరేళ్ళు బతికింది. అసలు సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరం, ఆవిడా నేనూ. ఆవిడ పోయింది.

రత్తమ్మగారిది పొలం పుట్రా ఉన్న ఇల్లు. పెళ్ళయిన ఆరేళ్ళకే భర్త పోయాడు. పిల్లల్లేరు. మరిది తిరుపతిరావుగారు పొలమంతా తన చేతికిందకి తెచ్చుకుని, వదినగారికి పెంకుటింట్లో తూర్పువైపు రెండు గదులూ, పెరట్లో గొడ్లచావిడీ, ఒక నల్లావూ వదిలాడు. "మా వదినకేం లోటండీ, మహారాణీలా ఉంది" అని ఊరంతా చెప్పుకునేవాడు. లోటేమిటో ఆవిణ్ణి అడిగిన నాథుడు లేడు.

అత్తగారి దగ్గర్నుంచి ఆవిడకి దక్కింది ఒక్కటే, మూర్ఛకి నస్యం వెయ్యడం. ఆవు వెన్న కాచి, అందులో సరస్వతి ఆకు పసరు పోసి, వసకొమ్ము నూరిన ముద్ద కలిపి, పిడకల సెగ మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా మరిగించేది. పసరులో నీరంతా ఇగిరిపోవాలి. ఇగిరిందో లేదో చూడ్డానికి దూదివత్తిని అందులో ముంచి వెలిగించేది. వత్తి చిటపటమన్నదంటే నీరు మిగిలినట్టు, గిన్నె మళ్ళీ పొయ్యి మీదికే. చప్పుడు లేకుండా వెలిగితే దించి, గుడ్డలో వడగట్టి, జాడీలో పోసేది.

"ఆకు మెదడుకి మంచిదేనయ్యా. కానీ ఉత్త ఆకు తింటే పొట్టలోనే ఆగిపోద్ది. నెయ్యి దాని చెయ్యి పట్టుకుని పైదాకా తీసుకెళ్ళాలి" అనేది. నేను చదివిన చదువుకి ఆ మాట నవ్వులాటగా ఉండేది.

మూర్ఛ మనిషిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల మంచం అంచు నుంచి కిందికి వేలాడేలా ఉంచి, ఒక్కో ముక్కులో నాలుగు చుక్కలు పోసేది. ఉమ్మకూడదు, మింగాలి. పోతూ పోతూ పరగడుపున తినడానికి దొన్నెలో ఇంత నెయ్యి. డబ్బు ముట్టేది కాదు. డబ్బు పుచ్చుకుంటే గుణం పోతుందని అత్తగారు ఒట్టు వేయించుకుందట. జగ్గయ్యపేట నుంచి, చిల్లకల్లు నుంచి, అటు చందర్లపాడు దాకా జనం బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు.

డెబ్భయ్యో సంవత్సరంలో మా చెల్లెలు లూర్దమ్మకి తొమ్మిదేళ్ళు. కలుపు తీస్తున్న మా అమ్మ పక్కనే పడిపోయి కొట్టుకుంది. నెలలో మూడుసార్లు వచ్చింది. దయ్యమన్నారు, గాలన్నారు. మా నాన్న దాన్ని భుజాన వేసుకుని, ఊరవతలి మా పల్లె నుంచి ఊళ్ళోకి వెళ్ళి రత్తమ్మగారి పెరటిగుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఊళ్ళోవాళ్ళకి అరుగు మీద పోసే నస్యం మాకు గొడ్లచావిడిలో పోసింది. అది నేను మర్చిపోలేదు. కానీ తల వేలాడేస్తుంటే పిల్ల భయపడి ఏడిస్తే, ఆవిడ నేలమీద చతికిలబడి దాని తల రెండు చేతుల్తో పట్టుకుంది. "ఏడవకే పిచ్చిమొహమా, నీకు నెయ్యి పోస్తున్నా, నిప్పులు కాదు" అంది. ఆనక తలారా స్నానం చేసిందని కూడా మాకు తెలుసు. అయితే మాత్రం, మా పిల్ల తల ఊళ్ళో ఇంకెవరు పట్టుకున్నారు?

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక నస్యానికి వెళ్ళేవాళ్ళం. పన్నెండేళ్ళు వచ్చేసరికి లూర్దమ్మకి మూర్ఛ మాయమైంది. నెయ్యికి తగ్గిందో, కొంతమంది పిల్లలకి వయసొస్తే దానంతటదే తగ్గినట్టు తగ్గిందో ఎవరు చెప్పగలరు? మా ఇంట్లో మాత్రం యేసుప్రభువు తర్వాత రత్తమ్మగారే.

నేను ఎస్సెస్సెల్సీ గట్టెక్కి, డెబ్భయి అయిదులో నందిగామలో డాక్టరు వరప్రసాదరావుగారి ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరాను. డాక్టరుగారు నోటి దురుసు మనిషి. రోగుల్నీ తిట్టేవాడు, నన్నూ తిట్టేవాడు. తిడుతూనే రోగాన్ని అరటిపండు ఒలిచినట్టు విడమర్చి చెప్పేవాడు. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆయన తిట్లతోపాటు వచ్చినవే.

అవి మా మెట్టలోకి పత్తి వచ్చిన రోజులు. గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు పొలాలు కౌలుకి తీసుకుని పత్తి వేశారు. చూసి మావాళ్ళూ వేశారు. పత్తి వెనకాలే పురుగు వచ్చింది. పురుగు వెనకాలే దాన్ని చంపే మందు ఎండ్రిన్ వచ్చింది. తిరుపతిరావుగారు పన్నెండెకరాల్లో పత్తి వేసి, అది చాలనట్టు జగ్గయ్యపేటలో పురుగుమందుల కొట్టు కూడా పెట్టాడు. పంపు వీపుకి తగిలించుకుని సాళ్ళల్లో తిరిగేది మా పల్లెవాళ్ళు. పంపు కారి వీపంతా తడిసేది. నాజిలుకి నలకడ్డం పడితే నోట్లో పెట్టుకుని ఉఫ్ మని ఊదేవాళ్ళు. అదో పెద్ద పనితనం వాళ్ళకి. మందు ఒంటికి పట్టకుండా జారిపోతుందని, పంపు ఎత్తుకునే ముందు ఒంటినిండా నూనె రాసుకునేవాళ్ళు. ఆ నూనె తిరుపతిరావుగారే ఇచ్చేవాడు. "నా కూలోళ్ళని నేను కన్నబిడ్డల్లా చూసుకుంటానండీ" అనేవాడు నూనె గిన్నె చూపించి.

ఎనభై రెండు వానాకాలంలో మా ఆసుపత్రికి చందర్లపాడు నుంచి ఒక చంటిపిల్లని తెచ్చారు. మెదడుకి క్షయ. ఎన్ని ఇంజక్షన్లు చేసినా ఫలితం లేదు. వెన్నులో సూది గుచ్చి మందు ఎక్కించాల్సి వచ్చేది. పిల్ల కేకలు బస్టాండు దాకా వినపడేవి. పదకొండో రోజున పోయింది. ఆ సాయంత్రం డాక్టరుగారు కుర్చీలో కూలబడి తనలో తను తిట్టుకుంటూ కూచున్నాడు.

"మందు ఉందయ్యా శాంతయ్యా! చేతిలో ఉంది. లోపలికి పోదు" అన్నాడు. "మెదడు చుట్టూ ఒక కంచె ఉంటుంది. నీళ్ళలో కరిగే మందుల్ని చాలావరకు బయటే ఆపేస్తుంది. కొవ్వులో కరిగేదైతే మాత్రం అల్లుడిలా దర్జాగా లోపలికి పోతుంది. అందుకని పై దేశాల్లో ఏం చేస్తున్నారో తెలుసా? కంటికి కనపడనంత కొవ్వు బుడగలు చేసి, వాటి కడుపులో మందు దాచి పంపాలని చూస్తున్నారు. ఇదిగో, ఈ పుస్తకంలో రాశారు. ఇంకా ఎలకల దగ్గరే ఉన్నారనుకో."

నాకు నవ్వొచ్చింది. "ఆ మాత్రానికి ఎలకలెందుకండీ? మా ఊళ్ళో రత్తమ్మగారు అత్తగారి హయాం నుంచి చేస్తున్న పనేగా అది" అని నెయ్యి సంగతీ, ఆకు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే సంగతీ చెప్పాను. ఆయన కూడా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నిటారుగా లేచి కూచున్నాడు.

"ఎండ్రిన్ కొట్టి పడిపోయినవాడికి ఫిట్సు వస్తాయి కదా. వాణ్ణి మీ ఊళ్ళో ముందు ఎక్కడికి తీసుకెళ్తారు?"

"ఆవిడ దగ్గరికేనండి. మూర్ఛంటే ఆవిడేగా."

"ఓరి నీ! ఎండ్రిన్ దేంట్లో కరుగుతుందిరా? నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పొట్టలో ఉన్నదానికి పాలూ నెయ్యీ తోడయ్యాయంటే గబగబా రక్తంలో కలిసి తిన్నగా మెదడుకి పోతుంది. ఒంటికి నూనె రాసుకున్నా అంతే, చర్మం తలుపులు బార్లా తీసినట్టే. కొవ్వుకి తను మోసేది మందో విషమో తెలీదయ్యా. బండిలాంటిది, ఎవరెక్కితే వాళ్ళని దింపొస్తుంది."



"ఆదివారం వెళ్ళి ఆవిడకి చెప్పు" అన్నాడు. "నెయ్యి మానెయ్యమని కాదు. ఎండ్రిన్ వాడికి మాత్రం పాలు, నెయ్యి, నూనె ఏదీ ఇవ్వొద్దను. సబ్బుతో ఒళ్ళు కడిగి, బట్టలు మార్చి, ఉన్నపళంగా ఇక్కడికి పంపమను. పెద్దావిడ, మర్యాదగా చెప్పు. కానీ చెప్పు."

ఆదివారం వెళ్ళాను. రత్తమ్మగారు పొయ్యి ముందు కూచుని ఉంది. జాడీలో కొత్త నెయ్యి. నన్ను చూసి మొహం విప్పార్చి, చూరులో మాకోసం దోపి ఉంచే గ్లాసు తీసి మజ్జిగ పోసింది.

"నందిగామ నీళ్ళు పడ్డాయయ్యా, ఒళ్ళు చేశావ్. మా లూర్దమ్మ ఈమధ్య ఇటు రావట్లేదు, ఎలా ఉంది? దాని పిల్లకి నడకొచ్చిందా?"

"వచ్చిందండి."

"ఇదిగో విను, నీకు చెప్పాలనుకుంటున్నా. ఈమధ్య పత్తిచేలో పడిపోయినోళ్ళని కూడా తెస్తున్నారు నా దగ్గరికి. మొన్న ఒకణ్ణి తెచ్చారు. నస్యం పోసి, పాలల్లో నెయ్యి కలిపి గ్లాసుడు తాగించా. గంటలో లేచి నడుచుకుంటూ పోయాడు!" ఆవిడ గొంతు తగ్గించింది. "మా మరిది ఊళ్ళోకి విషం తెచ్చాడు. దానికి విరుగుడు నా జాడీలో ఉంది. దేవుడు నన్నెందుకు బతకనిచ్చాడా అనుకునేదాన్ని, ఇందుకేనేమో శాంతయ్యా."

ఆ లేచి నడిచినవాడు తక్కువ పీల్చి ఉంటాడు, నెయ్యి పోసినా బతికాడు, నెయ్యి వల్ల కాదు. ఆ మాట నా నాలుక చివర ఉంది. గ్లాసు చేతిలో ఉంది. మా చెల్లెలి తల పట్టుకున్న చేతులు ఎదురుగా ఉన్నాయి. పాతికేళ్ళనుంచి ఆవిడకంటూ ఉన్నది ఆ జాడీ ఒక్కటే. అది విషానికి బండి అని పల్లెవాణ్ణి నేను, నిన్నగాక మొన్న తెల్లచొక్కా తొడిగినవాణ్ణి, ఆవిడ వాకిట్లో నిలబడి ఎలా అనను?

"ఏదో పనుండి వచ్చానండీ, ఓసారి చూసి పోదామని" అన్నాను. మజ్జిగ తాగి, గ్లాసు కడిగి, చూరులో దోపి వచ్చేశాను.

సోమవారం డాక్టరుగారు అడిగాడు. "చెప్పావా?"

"చెప్పానండి."

"ఏమంది?"

"సరేనన్నారండి."

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. నా మొహమాటానికి మనిషే పోయాడు. మళ్ళీ వారం వెళ్ళి చెబుదామనుకున్నాను. మళ్ళీ వారం ఇంకోటి అడ్డొచ్చింది. పత్తి సీజను అయిపోయింది, ఇంక వచ్చే ఏడు చూసుకోవచ్చులే అనుకున్నాను. మనసుకి సర్దిచెప్పుకోవడంలో నన్ను మించినవాడు కృష్ణా జిల్లాలో లేడు.

మరి మా ఇంటివాళ్ళకైనా చెప్పుకోవద్దా అంటారేమో. సగం చెప్పాను. ఇశ్రాయేలుతో, "ఒంటికి నూనె రాసుకోకు బావా, చొక్కా తొడుక్కో, నాజిలు నోట్లో పెట్టుకోకు" అన్నాను. వాడు పకపకా నవ్వాడు. "చొక్కా తడిస్తే ఉతకాలి. ఒళ్ళు తడిస్తే మున్నేట్లో ఓ మునక. ఏది తేలిక బావా?" అన్నాడు. వాడెప్పుడూ అంతే, దేన్నయినా నవ్వులో కలిపేసేవాడు. నెయ్యి మాట మాత్రం వాడికీ చెప్పలేదు, లూర్దమ్మకీ చెప్పలేదు. లూర్దమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. "మీ నెయ్యి విషమంటున్నాడమ్మా మా అన్న" అని పరుగున వెళ్ళి ఆవిడ చెవిన వేస్తుందని భయం. నేను చెప్పలేని మాట అదైనా చెప్పి ఉండేది. అది చెప్పకూడదనే కదా నేను దాచింది!

ఎనభై మూడు సెప్టెంబరు. నాలుగురోజులు ముసురు పట్టి వదిలింది. పత్తికి పురుగు ముంచుకొచ్చింది. తిరుపతిరావుగారు, "రెండ్రోజుల్లో పన్నెండెకరాలూ కొట్టెయ్యాలిరా" అని నలుగుర్ని పెట్టాడు. అందులో ఇశ్రాయేలొకడు. రెండో రోజు పదింటివేళ గట్టుమీద పడిపోయాడట. కాళ్ళూ చేతులూ కొట్టుకుని, నురగ కక్కుకుని, కాసేపటికి తెలివిలోకి వచ్చాడు. లేచి కూచుని, "ఏందిరా, అందరూ నన్ను చూస్తన్నారు, నేనేమన్నా పెళ్ళికొడుకునా?" అన్నాడట. పక్కచేలో పత్తికి కలుపు తీస్తున్న లూర్దమ్మ పరుగెత్తుకొచ్చింది. కూలీల మేస్త్రి, "నందిగామ తీసకపోదామే, మీ అన్న ఉన్నాడుగా" అన్నాడు. అదే అడ్డం పడింది. "నందిగామెందుకు బాబాయ్, అమ్మగారుండగా? నన్ను బతికించింది ఎవరు?" అంది. ఇవన్నీ తర్వాత అదే నాకు చెప్పింది, గుండెలు బాదుకుంటూ.

రత్తమ్మగారు వాణ్ణి గొడ్లచావిడిలో పడుకోబెట్టి నస్యం పోసింది. పెద్ద గ్లాసు నిండా వేడిపాలలో మామూలుకంటే రెట్టింపు నెయ్యి కలిపి తాగించింది. తాగి వాడు, "నెయ్యి ఇంత బాగుంటే రోజూ పడిపోతానండీ" అన్నాడట. గంట తిరగలేదు. మళ్ళీ వచ్చింది. ఈసారి ఆగలేదు. ఒకటి తగ్గేలోపు ఇంకోటి. ట్రాక్టరు తిరుపతిరావుగారితో జగ్గయ్యపేట కొట్టుకి వెళ్ళింది, అది తిరిగొచ్చేసరికి ఒంటిగంట దాటింది.

వాళ్ళు మా ఆసుపత్రి ముందు ఆగేసరికి రెండున్నర. ట్రాక్టరు ట్రక్కులో రత్తమ్మగారు కూచుని ఉంది, ఇశ్రాయేలు తల ఒళ్ళో పెట్టుకుని. చీరంతా నురగ, నెయ్యి. పాతికేళ్ళుగా ఊరి పొలిమేర దాటని మనిషి, పల్లెవాడి తల ఒళ్ళో పెట్టుకుని నందిగామ బజారు మధ్యనుంచి వచ్చింది. దింపుతుంటే నాతో, "శాంతయ్యా, ఎందుకో ఈసారి పనిచెయ్యట్లేదయ్యా. ఇంకొంచెం పోద్దామా?" అంది. చేతిలో జాడీ ఉంది.

డాక్టరుగారు చేయాల్సిందంతా చేశాడు. సబ్బుతో ఒళ్ళు కడిగించాడు. నరానికి మూర్ఛమందు ఎక్కించాడు. ఒకటికి రెండుసార్లు, రెండుకి మూడుసార్లు. సెలైను సీసా పట్టుకుని నేనే నిలబడ్డాను. అయిదున్నరకి ఇశ్రాయేలు పోయాడు. వాడికి ఇరవై ఆరేళ్ళు.

వరండాలో లూర్దమ్మ గోడకి చేరబడి కూచుంది, ఏడుపు కూడా రావట్లేదు దానికి. రత్తమ్మగారు దాని పక్కనే నిలబడి ఉంది. డాక్టరుగారు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"వీడికి ఏమిచ్చారు?"

"నస్యం పోసారండి. పాలల్లో నెయ్యి కలిపి ఇచ్చారండి. గ్లాసుడూ తాగాడండి. తాగి కబుర్లు కూడా చెప్పాడండి" అంది లూర్దమ్మ.

డాక్టరుగారి మొహం కందగడ్డలా అయింది. రత్తమ్మగారి వైపు తిరిగాడు. "ఏమ్మా, కిందటేడు నేను పనిగట్టుకుని శాంతయ్యతో కబురు పంపానే! ఎండ్రిన్ వాడికి పాలూ నెయ్యీ పొయ్యొద్దు, పోస్తే విషం సరాసరి మెదడుకెక్కుతుందని! చెప్పలేదా మీకు?"

ఆవిడ నా వైపు చూసింది. నేను ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాను. కిందటేడు ఆదివారం నేనెందుకు వచ్చానో, మజ్జిగ తాగి ఎందుకు వెళ్ళిపోయానో అన్నీ ఆవిడకి అప్పుడు అర్థమయ్యాయి, ఆ అర్థం కావడం నేను కళ్ళారా చూశాను. తర్వాత ఆవిడ చూపు లూర్దమ్మ మీదికి పోయింది. అది తలెత్తి నన్నే చూస్తోంది.

"చెప్పాడండి" అంది రత్తమ్మగారు. "శుభ్రంగా చెప్పాడు. నేనే పెడచెవిన పెట్టా."

లూర్దమ్మ లేచి నిలబడింది. "తెలిసే పోసారా? అమ్మగారూ, తెలిసే పోసారా నా మొగుడికి?"

అప్పుడైనా నేను నోరు తెరవాలి. తెరిచాను కూడా. "సెలైను తీసెయ్యమంటారాండీ?" అన్నాను డాక్టరుగారితో.

మర్నాడే ఊరంతా గుప్పుమంది. తిరుపతిరావుగారికి వెతకబోయిన తీగ కాలికి తగిలింది. "మందుదేం తప్పండీ? డబ్బా మీద అన్నీ రాసే ఉన్నాయి. పొయ్యొద్దని డాక్టరుగారు కబురు పెట్టినా వినకుండా మా వదిన పోసింది. ఆడవాళ్ళ మొండితనానికి నేనేం చెయ్యను?" అని రచ్చబండ మీదే అన్నాడు. డబ్బా మీద రాసింది ఇంగ్లీషులో. పంపు కారుతున్న సంగతి ఎవరూ ఎత్తలేదు. నూనె గిన్నె సంగతి ఎవరూ ఎత్తలేదు. లూర్దమ్మకి ఆయన ఇచ్చింది ఒక ఓదార్పు మాట. మిగిలిన ఆరెకరాలూ వారంలో కొట్టించేశాడు, మా పల్లెవాళ్ళతోనే. థూ, మా బతుకులు కూడా బతుకులేనా!

రత్తమ్మగారు ఉన్న నెయ్యంతా పొయ్యిలో గుమ్మరించిందట. ఆవుని మరిది తోలుకెళ్ళాడు. పెరటిగుమ్మానికి మనుషులు రావడం మానేశారు. ఊళ్ళో ఆడవాళ్ళు కూడా పూజలప్పుడు తీర్థప్రసాదాలకి పిలవడం మానేశారు.

నెల దాటాక వెళ్ళాను. ఏం చెబుదామని వెళ్ళానో నాకే తెలీదు. చావిడిలో పొయ్యి చల్లగా ఉంది. ఆవిడ కూచోమనలేదు, మజ్జిగ ఇవ్వలేదు.

"ఎందుకన్నారండీ అలాగా?" అన్నాను.

"మరేమనమంటావ్? చెప్పలేదనమంటావా?" ఆవిడ గొంతులో కోపం నేను ముందెప్పుడూ వినలేదు. "మొగుడు పోయాడు దానికి. ఆ పైన అన్న కూడా కాకుండా పోతే దానికెవడు దిక్కురా? నేనా? చిన్నప్పుడు నా చావిడిలో వణికింది, దాని తల ఇంకా నా చేతుల్లో ఉన్నట్టే ఉంది. అందుకన్నా. నీ మొహం చూసి కాదు."

నేను కాళ్ళమీద పడబోయాను. వెనక్కి జరిగింది.

"నేనెలాగూ వినేదాన్ని కాదులే అనుకుని మనసుకి సర్దిచెప్పుకుంటున్నావేమో. వినేదాన్నిరా! చెప్పుంటే వినేదాన్ని. పాతికేళ్ళనుంచి నెయ్యి కాస్తున్నా, ఎవడికి పొయ్యాలో ఎవడికి పొయ్యకూడదో తెలిస్తే మానుకోలేనిదాన్నా? ఆ మాట గుర్తుపెట్టుకో. ఇంక నా గుమ్మం తొక్కకు."

అంతకుముందు ఆ ఒక్క సందులోనే నేను ఊపిరి పీల్చుకుంటున్నాను. ఎలాగూ వినేది కాదులే అని. ఆవిడ దాన్నీ మూసేసింది. మూసెయ్యాల్సిందే, నాకు దక్కాల్సిందే.

లూర్దమ్మనీ పిల్లనీ నందిగామ తెచ్చుకున్నాను. డాక్టరుగారి కాళ్ళావేళ్ళా పడి దానికి ఆసుపత్రిలో ఆయా పని ఇప్పించాను. చూసినవాళ్ళంతా, "అన్నంటే శాంతయ్యేనమ్మా" అనేవాళ్ళు. ఫాదరుగారు ప్రసంగంలో నా పేరెత్తి మరీ చెప్పాడు. నేను తలొంచుకుని కూచుంటే అణకువ అనుకున్నారు. ఇన్నేళ్ళలో చెబుదామని వందసార్లు దాని ముందు కూచున్నాను. ప్రతిసారీ, "ఏంటన్నా?" అనేది. "ఏంలేదులే" అనేవాణ్ణి. మా చెల్లెలికి చదువు రాదు. అందుకే ఇప్పుడిది రాయగలుగుతున్నాను. అంత ధైర్యవంతుణ్ణి నేను.

ఎనభై తొమ్మిది ఎండాకాలంలో పెనుగంచిప్రోలు నుంచి మేస్త్రి మందుకని వచ్చి, రత్తమ్మగారు పోయిందని చెప్పాడు. మూడురోజులైందట. పాడె మొయ్యడానికి నలుగురు కుదరక తిరుపతిరావుగారు కూలిమనుషుల్ని పెట్టాడట. మధ్యాహ్నం ఇంటికెళ్ళాను. ఆ కబురు అప్పటికే లూర్దమ్మకి చేరింది. గోంగూరపప్పు వండింది. కంచం పెట్టి, నా ఎదురుగా కూచుంది.

"పీడా విరగడైంది" అంది. "నేను నవ్వకూడదు గానీ, ఇవాళ నా కడుపు చల్లబడిందన్నా. తెలిసి తెలిసి చంపింది ముండ. నువ్వు ముందే చెప్పినా వినలేదు. నువ్వే లేకపోతే నేనూ నా పిల్లా ఏ మున్నేట్లోనో తేలేవాళ్ళం."

నేను అన్నంలో చెయ్యి పెట్టి కదపకుండా కూచున్నాను. నెయ్యి లేకుండా పప్పు కలుపుకోవడం ఆ ఇంట్లో ఎప్పుడో అలవాటైపోయింది.

"ఏంటన్నా?" అంది.

"ఏంలేదులే."

"తిను మరి, చల్లారిపోతోంది."

తిన్నాను.